రహీమ్ సాబ్ ఎవరు? భారత ఫుట్‌బాల్‌ను ఒలింపిక్స్ సెమీస్‌కు చేర్చిన హైదరాబాద్ టీచర్.. ఆయన కోచింగ్ కెరీర్ పూర్తి వివరాలు

భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ సెమీఫైనల్ ఆడిందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. కానీ ఆడింది. 1956లో, మెల్‌బోర్న్‌లో. ఆ ఘనత సాధించిన తొలి ఆసియా జట్టు మనదే. ఆ జట్టు వెనుక ఉన్నది విదేశీ కోచ్ కాదు. హైదరాబాద్‌లో స్కూలు పిల్లలకు పాఠాలు చెప్పిన ఓ టీచర్. పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆటగాళ్లకు మాత్రం ఆయన 'రహీమ్ సాబ్'.

రెండు ఆసియా క్రీడల స్వర్ణాలు, ఒక ఒలింపిక్ నాలుగో స్థానం, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు వరుసగా ఐదు రోవర్స్ కప్‌లు.. ఇదీ ఆయన లెక్క. ఇంత చేసిన మనిషికి దేశం నుంచి ఒక్క జాతీయ అవార్డు కూడా దక్కలేదు. 2024లో అజయ్ దేవగణ్ హీరోగా 'మైదాన్' సినిమా వచ్చేదాకా తెలుగు రాష్ట్రాల్లోనే చాలామందికి ఆయన పేరు తెలియదు. ఇంతకీ రహీమ్ ఏం చేశారు? ఎలా చేశారు? ఆయన తర్వాత ఏమైంది? ఆ వివరాలు చూద్దాం.

నెల్లూరుకూ రహీమ్‌కూ ఏంటి సంబంధం?

మైపాడు బీచ్‌కు సాయంత్రం వెళ్తే ఇసుకలో చెప్పులు విడిచి బంతి తన్నుకునే కుర్రాళ్లు కనిపిస్తారు. బూట్లు లేకుండా ఆడటం వాళ్లకు సరదా. కానీ డెబ్బై ఏళ్ల కిందట భారత జాతీయ జట్టులోనే చాలామంది అలా ఆడేవారు. దాని వల్ల దేశం పరువు పోయిన రోజు కూడా ఒకటుంది. అది తర్వాత చెప్పుకుందాం.

ముందు తేదీలు గమనించండి. నెల్లూరు జిల్లా 1953 అక్టోబర్ 1 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉంది. ఆ తర్వాత ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. హైదరాబాద్ అప్పటికి వేరే రాష్ట్రం. రెండూ కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబర్ 1న. సరిగ్గా నెల రోజులకు, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్‌లో రహీమ్ జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించింది. అంటే నెల్లూరు తీరం నుంచి హైదరాబాద్ వరకు అందరూ ఒకే రాష్ట్రంగా మారిన మొదటి నెలలోనే, ఆ రాష్ట్ర రాజధానికి చెందిన కోచ్ ప్రపంచ ఫుట్‌బాల్‌లో చరిత్ర రాశారన్నమాట. ఆయన తయారుచేసిన సిటీ పోలీస్ జట్టు కూడా తర్వాత 'ఆంధ్రప్రదేశ్ పోలీస్' పేరుతోనే బరిలోకి దిగింది.

టీచర్ నుంచి కోచ్ దాకా

రహీమ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీ రోజుల్లో ఫుట్‌బాల్ బాగా ఆడేవారు. చదువయ్యాక టీచర్‌గా చేరారు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ లాంటి చోట్ల పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నారు. ఆ తర్వాత స్కూల్లో ఆటల బాధ్యత ఆయనదే.

టీచర్ కావడం ఆయన కోచింగ్‌కు బాగా కలిసొచ్చింది. అప్పట్లో మన దేశంలో కోచ్ అంటే జట్టును ఎంపిక చేసి మైదానంలోకి పంపే పెద్దమనిషి. రహీమ్ అలా కాదు. ఎవరికి ఏ పాదం బలహీనం, ఎవరు పరుగు తర్వాత ఎంతసేపటికి తేరుకుంటారు, ఎవరు బంతిని ఎక్కువసేపు దగ్గర పెట్టుకుంటారు.. ఇవన్నీ క్లాసులో పిల్లల్ని చూసినట్టే చూసేవారు.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. జంట నగరాల్లో పోటీలు నడపడం, కొత్త కుర్రాళ్లను వెతకడం ఆయన చేతికి వచ్చింది అప్పుడే.

దేశాన్ని ఊపేసిన సిటీ పోలీస్ టీమ్

1950లో రహీమ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్ అయ్యారు. అప్పట్లో భారత ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్.. ఈ మూడు పేర్లే వినిపించేవి. అలాంటి సమయంలో దక్కన్ నుంచి ఓ పోలీస్ జట్టు వచ్చి అందర్నీ కొట్టేసింది.

1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ సిటీ పోలీస్‌దే. బొంబాయిలో జరిగే ఈ టోర్నీ అప్పట్లో దేశంలోని పెద్ద పోటీల్లో ఒకటి. 1957లో మరోసారి గెలిచింది. డ్యూరాండ్ కప్‌ను 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి అందుకుంది. 1954, 1957లో మళ్లీ సాధించింది. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో ఇంకోసారి గెలిచింది.

ఈ విజయాల వెనుక ఓ ఏర్పాటు ఉంది. అప్పట్లో ప్రొఫెషనల్ లీగ్‌లు లేవు. ఆటగాడికి నెల తిరిగేసరికి జీతం రావాలంటే ఉద్యోగం ఉండాలి. పోలీస్ శాఖ ఆ ఉద్యోగం ఇచ్చింది. పేద ఇళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు యూనిఫాం వేసుకుని ఇల్లు నడుపుకొంటూ ఆడగలిగారు. ఒకే జట్టు ఏళ్ల తరబడి కలిసి ప్రాక్టీస్ చేసింది. రహీమ్ చెప్పే పాసింగ్ గేమ్‌కు కావాల్సింది సరిగ్గా అదే.

రాష్ట్ర స్థాయిలోనూ ఇదే ఊపు. జాతీయ ఛాంపియన్‌షిప్ అయిన సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58లో వరుసగా రెండుసార్లు గెలిచింది.

బలహీనమైన కాలితోనే ఆడాలి!

రహీమ్ ట్రైనింగ్ పద్ధతుల గురించి ఇప్పటికీ పాత ఆటగాళ్లు చెప్పుకునేవి కొన్ని ఉన్నాయి. అవి చాలా సింపుల్. కానీ ఆ కాలానికి కొత్త.

* డ్రిబ్లింగ్ లేని మ్యాచ్‌లు: బంతిని తన దగ్గరే పెట్టుకుని ఆడటం కుదరదు. అందగానే పాస్ ఇచ్చేయాలి. దీంతో ఆటగాడికి బంతి రాకముందే తల ఎత్తి చూడటం అలవాటవుతుంది.
* బలహీన పాదం పోటీలు: కుడికాలి వాటం ఉన్నవాళ్లు ఎడమకాలితోనే తన్నాలి. ఎడమవాటం వాళ్లు కుడికాలితో. ఇలాంటి నిబంధనతో ఏకంగా టోర్నీలే పెట్టేవారు.
* చిన్న పాస్‌లు, నేల మీద బంతి: బంతిని గాల్లోకి కొట్టి వెనక పరిగెత్తే బ్రిటిష్ తరహా ఆటను ఆయన పక్కనపెట్టారు. శరీర బలంలో మనం యూరప్ వాళ్లతో పోటీపడలేం, వేగంతో, పాస్‌తో పడగలం అన్నది ఆయన లెక్క.

ఇక ఫార్మేషన్ సంగతి. అప్పటి పాత పద్ధతిలో సెంటర్ ఫార్వర్డ్ ఎప్పుడూ గోల్ ముందే ఉండేవాడు. ప్రత్యర్థి సెంటర్ హాఫ్ అతన్నే అంటిపెట్టుకుని తిరిగేవాడు. 1950ల మొదట్లోనే రహీమ్ ఆ సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త కిందికి, మిడ్‌ఫీల్డ్ వైపు దించి ఆడించారు. దీంతో కాపలా కాసేవాడికి చిక్కు వచ్చిపడుతుంది. వెంటపడి ముందుకు వస్తే వెనక ఖాళీ. అక్కడే ఉండిపోతే ఫార్వర్డ్‌కు స్వేచ్ఛ.

ఇదే ఎత్తుగడతో హంగేరీ జట్టు 1953 నవంబర్‌లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో చిత్తు చేసి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. టీవీలు, వీడియోలు లేని రోజుల్లో హైదరాబాద్‌లో ఓ టీచర్ అదే దారిలో ఆలోచించడం విశేషం. ఆ తర్వాత ఆయన జట్లు 4-2-4 పద్ధతికి కూడా అలవాటుపడ్డాయి. 1958 ప్రపంచకప్‌లో బ్రెజిల్ గెలుపుతో ప్రపంచమంతా పాకిన ఫార్మేషన్ అదే.

1951: తొలి స్వర్ణం

జాతీయ జట్టుతో రహీమ్‌కు దక్కిన తొలి పెద్ద విజయం 1951 ఢిల్లీ ఆసియా క్రీడలు. అవే మొట్టమొదటి ఆసియా క్రీడలు. శైలేన్ మన్నా కెప్టెన్. ఇండోనేషియాపై 3-0, సెమీస్‌లో అఫ్గానిస్థాన్‌పై 3-0 గెలిచి భారత్ ఫైనల్ చేరింది. మార్చి 10న ఇరాన్‌తో ఫైనల్. సాహు మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో స్వర్ణం మనదైంది.

1952: హెల్సింకిలో పది గోల్స్ దెబ్బ

ఏడాది తిరిగేసరికి అంతా తలకిందులైంది. హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 1-10తో ఓడింది. చలి దేశం, పచ్చిక మైదానం, ఎదురుగా బూట్లు వేసుకున్న బలమైన యూరప్ ఆటగాళ్లు. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో దిగారు. నాలుగేళ్ల ముందు లండన్‌లో వట్టి కాళ్లతోనే ఫ్రాన్స్‌కు గట్టి పోటీ ఇచ్చి 1-2తో ఓడితే అందరూ మెచ్చుకున్నారు. హెల్సింకి తర్వాత మెచ్చుకునేవాళ్లు ఎవరూ లేరు.

ఆ ఓటమి తర్వాత భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. చెప్పడానికి ఒక్క మాటే. కానీ చిన్నప్పటి నుంచి పాదం చర్మంతో బంతిని తాకిన ఆటగాడికి బూటు వేస్తే ఆట మొత్తం కొత్తగా నేర్చుకున్నట్టే. టచ్ మారుతుంది, పరుగు మారుతుంది, మలుపు తీసుకునే తీరు మారుతుంది. మళ్లీ ఒలింపిక్స్‌కు ఉన్న సమయం నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో రహీమ్ చేసింది ఈ మార్పే అని చెప్పాలి.

1956: మెల్‌బోర్న్ అద్భుతం

మెల్‌బోర్న్ జట్టుకు సమర్ 'బద్రూ' బెనర్జీ కెప్టెన్. అందులో హైదరాబాద్ ముద్ర బలంగా కనిపించింది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం.. వీళ్లంతా రహీమ్ కళ్లముందు ఎదిగినవాళ్లే.

తొలి రౌండ్‌లో హంగేరీతో ఆడాల్సి ఉండగా ఆ జట్టు తప్పుకుంది. దీంతో భారత్‌కు వాకోవర్ దొరికింది. క్వార్టర్స్‌లో ఆస్ట్రేలియా ఎదురైంది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి ఆసియా ఆటగాడు అతనే. నాలుగో గోల్ కిట్టూది. స్కోరు 4-2.

సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. నాలుగేళ్ల ముందు పది గోల్స్ కొట్టిన జట్టు. రెండో అర్ధభాగం మొదట్లో నెవిల్ డిసౌజా గోల్‌తో భారత్ 1-0 ఆధిక్యంలోకి వెళ్లింది! ఆ ఆధిక్యం ఎంతోసేపు నిలవలేదు. చివరికి 1-4తో ఓటమి. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది.

పతకం రాలేదు. కానీ నాలుగో స్థానం వచ్చింది. నెవిల్ డిసౌజా నాలుగు గోల్స్‌తో టోర్నీ టాప్ స్కోరర్లలో ఒకడిగా నిలిచాడు. వాకోవర్ వల్లే సెమీస్ వచ్చిందని కొందరంటారు. ఆ మాట కొంతవరకు నిజమే. కానీ ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే నాలుగు గోల్స్‌తో ఓడించడం వాకోవర్ కాదు కదా.

1960: రోమ్‌లో ఓడినా తలెత్తుకుని

రోమ్ ఒలింపిక్స్‌కు పీకే బెనర్జీ కెప్టెన్. గ్రూప్ చూస్తే గుండె జారాల్సిందే. హంగేరీ, ఫ్రాన్స్, పెరూ. హంగేరీతో 1-2తో ఓటమి. ఆ మ్యాచ్‌లో మన గోల్ బలరాంది. ఆ హంగేరీ జట్టే చివరికి కాంస్యం గెలిచింది. ఫ్రాన్స్‌పై పీకే బెనర్జీ గోల్‌తో గెలుపు అంచుల దాకా వెళ్లి 1-1 డ్రాతో సరిపెట్టుకున్నారు. పెరూ చేతిలో 1-3తో ఓడి ఇంటిముఖం పట్టారు.

ఈ జట్టులో రహీమ్ కొడుకు ఎస్.ఎస్.హకీమ్ కూడా ఉన్నాడు. కానీ రోమ్‌లో ఒక్క మ్యాచ్‌లోనూ బరిలోకి దిగలేదు. కోచ్ సొంత కొడుకైనా బెంచ్ మీదే కూర్చున్నాడు. భారత్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్ ఆడింది అదే చివరిసారి. ఆ తర్వాత ఇప్పటిదాకా మళ్లీ అర్హత సాధించలేదు.

1962: జకార్తా.. ఒంట్లో క్యాన్సర్, గుండెలో స్వర్ణం

జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీమ్ ఆరోగ్యం పాడైంది. క్యాన్సర్ ఒంట్లో ఉంది. అయినా జట్టుతో వెళ్లారు. చునీ గోస్వామి కెప్టెన్.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌పై 4-1తో గెలిచారు కానీ డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జపాన్‌పై 2-0తో నెగ్గి సెమీస్ చేరారు.

ఇక్కడే రహీమ్ ఎవరూ ఊహించని పని చేశారు. తలకు కుట్లున్న జర్నైల్‌ను డిఫెన్స్‌లో ఆడించడం కష్టం. అలాగని పక్కన కూర్చోబెట్టలేదు. సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు! కుర్రతనంలో జర్నైల్ ఆ స్థానంలో ఆడిన సంగతి ఆయనకు గుర్తుంది. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలుపు. అందులో ఒక గోల్ జర్నైల్‌దే.

ఫైనల్ సెప్టెంబర్ 4న. ప్రత్యర్థి మళ్లీ దక్షిణ కొరియా. మైదానం బయట పరిస్థితి ఇంకా ఘోరం. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత క్రీడా అధికారి జి.డి.సోంధి ప్రశ్నించారు. దాంతో జకార్తాలో భారత్‌పై కోపం భగ్గుమంది. భారత ఎంబసీ మీద దాడి జరిగింది. స్టేడియంలో దాదాపు లక్షమంది మనవాళ్లను ఎగతాళి చేస్తూ అరుస్తున్నారు. మన హాకీ జట్టును ఫైనల్లో ఓడించిన పాకిస్థాన్ ఆటగాళ్లు మాత్రం స్టాండ్స్‌లో ఉండి భారత్‌కు మద్దతిచ్చారని మన ఆటగాళ్లు తర్వాత గుర్తు చేసుకునేవారు.

జ్వరం వల్ల కొన్ని మ్యాచ్‌లకు దూరమైన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌ను రహీమ్ ఫైనల్‌కు మళ్లీ తీసుకున్నారు. 17వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్. 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్. కొరియా చివర్లో ఒక గోల్ తిరిగిచ్చినా 2-1తో స్వర్ణం భారత్‌దే. మ్యాచ్‌కు ముందు రహీమ్ తమను స్వర్ణాన్ని కానుకగా అడిగారని ఆ జట్టు ఆటగాళ్లు చెప్పేవారు.

దాదాపు తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీమ్ కన్నుమూశారు. వయసు 53 ఏళ్లే.

కెరీర్ ఒక్క చూపులో

* 1909: హైదరాబాద్‌లో జననం
* 1943: హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి
* 1950: సిటీ పోలీస్ కోచ్, తొలి రోవర్స్, డ్యూరాండ్ కప్‌లు
* 1951: ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం
* 1952: హెల్సింకి ఒలింపిక్స్, తొలి మ్యాచ్‌లోనే ఓటమి
* 1954: వరుసగా ఐదో రోవర్స్ కప్
* 1956: మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం
* 1960: రోమ్ ఒలింపిక్స్, గ్రూప్ దశలో నిష్క్రమణ
* 1962: జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం
* 1963: మరణం

ఆయన తర్వాత ఏమైంది?

భారత్ ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మళ్లీ స్వర్ణం గెలవలేదు. 1970 బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది. ఆ జట్టు కెప్టెన్ కూడా హైదరాబాదీయే, సయ్యద్ నయీముద్దీన్. అదే ఊరి మహమ్మద్ హబీబ్ కూడా ఆ జట్టులో ఉన్నాడు. ఆ తర్వాత పతకమే లేదు.

1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. రహీమ్ వేసిన పునాది మీద వచ్చిన గెలుపుగా దాన్ని చెప్పుకోవచ్చు. తర్వాత మెల్లగా ప్రభ తగ్గింది. మంచి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకు వెళ్లిపోయారు. ఉద్యోగమిచ్చి ఆడించే సంస్థలు తగ్గాయి. మైదానాలు తగ్గాయి. క్రికెట్ పెరిగింది. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు కోచ్ స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్. 2024లో ఆయనే భారత జట్టు కోచ్ కూడా అయ్యారు.

రహీమ్ శిష్యుల్లో కొందరికి గుర్తింపు దక్కింది. పీకే బెనర్జీ తర్వాతి రోజుల్లో పెద్ద కోచ్‌గా ఎదిగారు. బలరాంకు 1962లో అర్జున అవార్డు వచ్చింది. అనారోగ్యంతో చిన్న వయసులోనే ఆట మానేసిన ఆయన 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. హకీమ్ ఎయిర్‌ఫోర్స్ అధికారిగా, ఫిఫా రిఫరీగా పనిచేశారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకుని 2021 ఆగస్టులో చనిపోయారు.

మరి గురువుకు? కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో. అప్పటికి రహీమ్ పోయి 22 ఏళ్లు. పద్మ పురస్కారం కూడా రాలేదు.

ఇప్పటికీ పనికొచ్చేది ఇదే

అవార్డు సంగతి అలా ఉంచితే, రహీమ్ పద్ధతులకు డబ్బు అక్కర్లేదు. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో ఆడే కుర్రాడైనా, మైపాడు ఇసుకలో ఆడే మత్స్యకారుల పిల్లాడైనా ఈ సాయంత్రమే మొదలుపెట్టొచ్చు. ఒక మ్యాచ్ ఎడమకాలితోనే ఆడండి. ఇంకో మ్యాచ్‌లో బంతి అందగానే పాస్ ఇచ్చేయండి. హెల్సింకిలో పది గోల్స్ తిన్న జట్టును నాలుగేళ్లలో ఒలింపిక్స్ సెమీస్‌కు చేర్చినవి ఇలాంటి ప్రాక్టీసులే. వాటిని రోజూ చేయించే టీచర్ మళ్లీ దొరకడమే ఇప్పుడు కావాల్సింది.